రోకలి దగ్గర మొదలుపెట్టండి: జింబాబ్వే మెట్ట నేలల్లో ఒక కుటుంబానికి సరిపడా జొన్న, సజ్జ, రాగి పండించే పద్ధతి

జింబాబ్వేలో పల్లె భోజనం అంటే సాడ్జా. మరిగే నీళ్లలో పిండి పోసి, చెక్క తెడ్డుతో గట్టిగా గెలికి దింపుతారు. సంకటి తిని పెరిగినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఇవాళ ఆ సాడ్జా ఎక్కువగా తెల్ల మొక్కజొన్న పిండితో అవుతోంది. మొక్కజొన్న అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చిన పంట. అంతకు ముందు ఆ నేల తిన్నది జొన్న, సజ్జ, రాగి. ఈ మూడూ ఆఫ్రికాలోనే సాగులోకి వచ్చాయి: జొన్న సూడాన్ వైపు, సజ్జ సహారా దక్షిణపు అంచున, రాగి ఇథియోపియా, ఉగాండా ఎత్తు ప్రాంతాల్లో. వేల ఏళ్ల కిందట అక్కడి నుంచే మన దక్కన్‌కూ చేరాయి. శ్రీకాకుళంలో చోళ్లు అన్నా, తెలంగాణలో తైదలు అన్నా, రాయలసీమలో రాగులు అన్నా ఆ గింజ పుట్టిల్లు అదే. అక్కడ షోనా భాషలో దాన్ని జ్వియో, రుక్వెజా అంటారు. వాడుకలో ఎక్కువగా వినిపించేది రపోకో. జొన్న మప్ఫుండే, సజ్జ మ్హుంగా.

2023-24 పంటకాలంలో ఎల్ నినో కరువుకి మొక్కజొన్న నిలువునా ఎండిపోయింది. 2024 ఏప్రిల్ 3న దేశాధ్యక్షుడు జాతీయ విపత్తు ప్రకటించాడు. అలాంటి ఏడాది తర్వాత అందరూ 'పాత గింజలకి తిరిగి వెళ్లండి' అంటారు. సరైన మాటే. కానీ కుటుంబాలు వాటిని ఎందుకు వదిలేశాయో అడగకుండా విత్తనం సంచి చేతిలో పెడితే, మరుసటి ఏడాది మళ్లీ మొక్కజొన్నే వేస్తారు. వదిలేయడానికి కారణాలు చాలా ఉన్నా, ఇంటి లోపలి కారణాలు రెండు. పిట్టల్ని తోలడానికి మనుషులు కావాలి, గింజని దంచడానికి చేతులు కావాలి. ఈ రెండు పనులూ ఆడవాళ్ల మీదా, పిల్లల మీదా పడతాయి. పిల్లలు బడికి వెళ్లాలి, తల్లికి ఉన్నవి రెండే చేతులు. అందుకే ఈ మార్గదర్శి విత్తనం దగ్గర మొదలవదు. అక్కడ వ్యవసాయ పనుల్లో ఉన్న తెలుగువాళ్లకూ, ఈ పంటల్ని ఇక్కడే వేస్తూ వాటి సొంతూరి పద్ధతి తెలుసుకోవాలనుకునే వాళ్లకూ ఉపయోగపడాలని రాస్తున్నాను.

మొదట ఇంటి లెక్క

ఆరుగురున్న ఇల్లు అనుకుందాం. మనిషికి రోజుకు 400 గ్రాముల గింజ చొప్పున ఏడాదికి 876 కిలోలు కావాలి. విత్తనానికీ, చుట్టాలకూ, పండగకి ఈ గింజలతోనే కాచే బీరుకూ కలిపి ఒక టన్ను అనుకోండి. ఎరువు లేని ఇసుక నేలలో హెక్టారుకు అర టన్ను రావడమే ఎక్కువ. పశువుల ఎరువు వేసి, కలుపు సమయానికి తీస్తే టన్ను దాటించవచ్చు. అంటే ఒక హెక్టారు, మన లెక్కలో రెండున్నర ఎకరాలు, శ్రద్ధగా చేస్తే ఇల్లు గడుస్తుంది. నాలుగు ఎకరాలు అరకొరగా చేయడం కన్నా ఇదే మేలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ టన్ను గింజని ఎవరు దంచుతారు? నడిచి వెళ్లి రాగలిగే దూరంలో పిండిమర ఉందా? ఉంటే అందులో పొట్టు తీసే యంత్రం కూడా ఉందా, లేక వట్టి పిండి పట్టేదేనా? పొట్టు తీసే యంత్రం ఉంటే సజ్జ, జొన్న ఎంతైనా వేసుకోవచ్చు. లేకపోతే సజ్జ విస్తీర్ణం ఇంట్లో దంచగలిగినంతకే పరిమితం చేయండి. రాగికి ఈ బాధ తక్కువ, కడిగి ఆరబెట్టి పొట్టుతోనే పిండి పట్టించవచ్చు. ఈ మాట ఇంటి ఇల్లాలితో కూర్చుని తేల్చుకోవాలి. పొలం లెక్క మగాయనతో మాట్లాడి వచ్చేసే అలవాటు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఈ పంటలు దెబ్బతినేది సరిగ్గా ఆ అలవాటు వల్లే.

నేలను బట్టి గింజ

జింబాబ్వేని వానల్ని బట్టి ఐదు ప్రాంతాలుగా విడదీశారు. నాలుగో ప్రాంతంలో ఏడాదికి 450 నుంచి 650 మిల్లీమీటర్లు పడుతుంది. ఐదోదాంట్లో అంతకన్నా తక్కువ. బుహేరా, చివి, బింగా, చోలోచో లాంటి జిల్లాలు ఈ కోవలోనివే. వాన నవంబర్ మధ్యలో మొదలై మార్చికి ముగుస్తుంది. జనవరిలో రెండు మూడు వారాల బెట్ట దాదాపు ప్రతి ఏడూ ఉంటుంది.

తేలికపాటి ఇసుక నేల, వాన బాగా తక్కువ అయితే సజ్జ. బరువు నేల, అప్పుడప్పుడు నీళ్లు నిలిచే పల్లం అయితే జొన్న. అది కొన్నాళ్లు నీటిలో నిలబడగలదు, సజ్జ నిలబడలేదు. రాగికి ఈ మూడింటిలోనూ మంచి నేల కావాలి, 500 మిల్లీమీటర్ల పైన వాన కావాలి. 'చిరుధాన్యం కదా, ఎక్కడ వేసినా వస్తుంది' అనుకుని రాగిని ఐదో ప్రాంతపు ఇసుకలో వేస్తే చేతికి గడ్డి మిగులుతుంది. పశువుల దొడ్డి తీసేసిన పాత చోటు, చెదపుట్ట మట్టి చల్లిన చోటు రాగికి ఇవ్వండి. అర ఎకరం చాలు.

మొక్కజొన్నని పూర్తిగా తీసేయమని నేను చెప్పను. ఇంటి పక్కన, బూడిదా చెత్తా పడే సారవంతమైన పెరట్లో పచ్చికంకుల కోసం నాలుగు సాళ్లు ఉండనివ్వండి. పిల్లలు అడుగుతారు.

విత్తనం

తెల్ల జొన్నలో ఎక్కువగా వినిపించే పేరు మాసియా. ఇక్రిశాట్ పరిశోధనల్లోంచి వచ్చిన ఈ రకాన్ని జింబాబ్వేలో 1998లో విడుదల చేశారు. పొట్టిగా ఉంటుంది, త్వరగా కోతకి వస్తుంది, పిండి తెల్లగా ఉంటుంది. మన పటాన్‌చెరులో ఉన్న ఆ సంస్థకే బులవాయో దగ్గర మటోపోస్‌లో కేంద్రం ఉంది. 1980ల నుంచి అక్కడ జొన్న, సజ్జల మీద పని జరిగింది. సజ్జలో పీఎంవీ-2, పీఎంవీ-3 రకాలు దొరుకుతాయి. ఎర్ర జొన్నలో వగరు ఎక్కువ కాబట్టి పిట్టలు అంతగా ముట్టవు. అది బీరుకి బాగుంటుంది, సాడ్జాకి పిల్లలు ఇష్టపడరు. తిండికి తెల్లది, పొలం అంచుల్లో నాలుగు సాళ్లు ఎర్రది వేసే పద్ధతి నాకు నచ్చుతుంది.

రాగికి మాత్రం ఊళ్లో ముసలమ్మల దగ్గరున్న విత్తనమే ముందు వెతకండి. ఉజుంబా-మరాంబా-ప్ఫుంగ్వే, చోలోచో లాంటి చోట్ల ఊరి విత్తన నిధులు ఉన్నాయి, పంట కోతల తర్వాత విత్తనాల జాతరలు జరుగుతాయి. అక్కడ ముడుచుకున్న వెన్ను ఒకటి, విచ్చుకున్న వెన్ను ఒకటి పక్కపక్కన పెట్టి, ఏది వానకి తట్టుకుంటుందో, ఏది బీరుకి బాగా పొంగుతుందో చెప్తారు. సంచి మీద ముద్రించిన అక్షరాల్లో ఇది దొరకదు.

ఏ విత్తనమైనా మొలక పరీక్ష చేయకుండా వేయొద్దు. 100 గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో చుట్టి, వారం ఉంచండి. 80కి తగ్గితే విత్తనం మోతాదు పెంచండి, సగానికి తగ్గితే వేరే విత్తనం చూసుకోండి. సజ్జ విత్తనంలో నల్లటి గట్టి ముక్కలు కనిపిస్తే అది బంక తెగులు గుర్తు, అవి విషం. ఉప్పునీళ్లలో పోసి, తేలినవి తీసేసి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

నేల తయారీ: గుంతలా, సాళ్లా?

2020 నుంచి అక్కడి ప్రభుత్వం పుమ్వుడ్జా అనే పద్ధతిని ఊరూరా ప్రచారం చేస్తోంది. దుక్కి లేకుండా చిన్న గుంతలు తవ్వి, ఎరువు వేసి, గడ్డి కప్పి విత్తడం. మొక్కజొన్నకి చెప్పే లెక్క 39 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు మడిలో 1,456 గుంతలు. ఒక్కో గుంత 15 సెంటీమీటర్ల లోతు. వానచుక్క గుంతలోనే నిలుస్తుంది, ఎరువు మొక్క వేరు దగ్గరే ఉంటుంది. ఎద్దులు లేని ఇంటికి ఇది నిజంగా ఆసరా, ఎందుకంటే ఎద్దుల కోసం ఎదురుచూస్తూ మొదటి వాన పోగొట్టుకోరు. కానీ ఎండకి రాయిలా మారిన నేలలో వేల గుంతలు తవ్వే బాధకి జనం పెట్టుకున్న పేరు 'ధిగా ఉఫే', తవ్వి చావు అని. ఆ పేరు విని నవ్వి ఊరుకోవద్దు, అందులో లెక్క ఉంది. ఎద్దులు లేకపోతే ఒక మడో రెండు మళ్లో గుంతలు తవ్వండి. జూన్, జూలైలో నేలలో కాస్త తడి ఉండగానే మొదలుపెట్టి రోజుకు కొన్ని చొప్పున చేయండి. ఎద్దులుంటే మిగతాది నాగలితో, వాలుకి అడ్డంగా సాళ్లు వేసుకోవడమే మంచిది.

ఎరువు విషయంలో పొదుపు అవసరం. గుంతకి రెండు దోసిళ్ల మాగిన పశువుల ఎరువు చాలు. పొలమంతా వెదజల్లితే ఎక్కడా సరిపోదు. మొక్క ఐదారు ఆకుల దశలో, నేల తడిగా ఉన్నప్పుడు, మూడు మొక్కలకి ఒక సీసా మూతెడు అమ్మోనియం నైట్రేట్ అనే నత్రజని ఎరువు వేర్లకి కాస్త దూరంగా వేయండి.

విత్తడం

సజ్జ, జొన్న: సాళ్ల మధ్య 75 నుంచి 90 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 15 నుంచి 20. ఎకరానికి జొన్న 3-4 కిలోలు, సజ్జ 2 కిలోలు. జొన్న లోతు 3 నుంచి 5 సెంటీమీటర్లు, సజ్జ 2 నుంచి 3. ఐదో ప్రాంతంలో దూరాలు ఇంకా పెంచండి, తగ్గించొద్దు. పలుచగా ఉన్న పొలం చూస్తే మనసుకి వెలితిగా ఉంటుంది కానీ జనవరి బెట్టలో ఆ ఖాళీయే మొక్కకి నీళ్లిస్తుంది.

రాగిని అక్కడ చాలామంది వెదజల్లుతారు. దయచేసి సాళ్లలో వేయించండి. సాళ్ల మధ్య 30 నుంచి 45 సెంటీమీటర్లు. గింజ చిన్నది కాబట్టి నాలుగింతల ఇసుకలో కలిపి, చిటికెలతో వదిలి, పైపైన మట్టి కప్పాలి. రెండు సెంటీమీటర్లు దాటితే మొలక పైకి రాదు. సాళ్లలో ఎందుకో కలుపు దగ్గర తెలుస్తుంది.

ఎప్పుడు విత్తాలి? ఒకటి రెండు రోజుల్లో 20 నుంచి 25 మిల్లీమీటర్లు పడి, తవ్వి చూస్తే జానెడు లోతు తడి ఉన్నప్పుడు. ఇంటి ముందు ఒక డబ్బా పెట్టి కొలిచినా సరిపోతుంది. ఊరంతా ఒకే వారంలో విత్తేలా మాట్లాడుకోండి. దీనివల్ల రెండు లాభాలు. ఆలస్యంగా వేసిన జొన్నని మొవ్వు చంపే ఈగ తినేస్తుంది. ఒంటరిగా ముందో వెనకో గింజకట్టిన పొలం మీద పిట్టల దండు మొత్తం దిగుతుంది.

కలుపు, ఒత్తు మొక్కలు

మొలిచిన రెండు మూడు వారాల్లో మొదటి కలుపు. ఈ పని ఒక్కటి తప్పితే మిగతావన్నీ సరిగ్గా చేసినా పంట సగమే. రెండోది ఐదారు వారాలకి. ఎద్దులతో అంతరసేద్యం చేయగలిగితే సాళ్ల మధ్య పని సగం తగ్గుతుంది.

రాగిలో ఒక చిక్కు ఉంది. రాగిలాగే ఉండే అడవి గడ్డి ఒకటి అదే సమయంలో మొలుస్తుంది. చిన్నప్పుడు రెండూ విడదీసి చూడటం అనుభవం ఉన్న కంటికే సాధ్యం. వెదజల్లిన పొలంలో ఒక అమ్మ వంగి ఒక్కో మొక్కని పట్టి చూస్తూ రోజుల తరబడి కలుపు తీయాలి. సాళ్లలో వేస్తే, సాలు బయట ఉన్నదంతా గడ్డే అని పారతో గీకేయవచ్చు. నడుము నొప్పి ఎంత తగ్గుతుందో చేసినవాళ్లని అడగండి.

ఒత్తు మొక్కల్ని జానెడు ఎత్తులో, వాన పడిన మర్నాడు తీయండి. తీసిన జొన్న, సజ్జ మొక్కల్ని మొలవని చోట నాటితే బతుకుతాయి. మొక్కజొన్నలో ఈ వెసులుబాటు లేదు.

అంతరపంటగా అలసంద వేయండి. నేలని కప్పుతుంది, కూరకి ఆకు ఇస్తుంది, కాయ ఇస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. ఎర్ర పూల స్ట్రైగా, మన రైతులు జొన్నమల్లె అనే కలుపు, జొన్న వేరుని పట్టి రసం పీల్చేస్తుంది. అలసంద వేర్ల దగ్గర దాని విత్తనం మొలిచి, పట్టుకోవడానికి సరైన వేరు దొరక్క చచ్చిపోతుంది. స్ట్రైగా కనిపించిన పొలంలో మరుసటి ఏడాది వేరుశనగో, న్యిమో అనే నేల చిక్కుడో వేయండి. స్ట్రైగాని పూత రాకముందే పీకేయండి, దాని ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది.

కత్తెర పురుగు 2016లో ఆఫ్రికాలో అడుగుపెట్టింది, రెండేళ్లకి మన దగ్గరికీ వచ్చింది. మొక్కజొన్నంత కాకపోయినా జొన్ననీ తింటుంది. వారానికి రెండుసార్లు మొవ్వులు చూసి, గుడ్ల సముదాయాన్ని నలిపేయడం, మొవ్వులో పిడికెడు ఇసుకో బూడిదో వేయడం చిన్న పొలంలో చేయదగ్గ పని.

పిట్టలు

ఎర్రముక్కు క్వీలియా పిచ్చుకంత పిట్ట. బరువు సుమారు 20 గ్రాములు. రోజుకి 10 గ్రాముల గింజ తింటుంది. పదివేల పిట్టల గుంపు ఒక పొలం మీద వాలితే రోజుకు 100 కిలోలు పోతాయి. గుంపులు పదివేలతో ఆగవు కూడా. ఈ ఒక్క పిట్టని చూసి సజ్జ మానేసిన ఊళ్లున్నాయి.

పాలుపోసుకునే దశ నుంచి గింజ గట్టిపడే దాకా మూడు నాలుగు వారాలు కాపలా తప్పదు. తెల్లవారుజాము నుంచి ఎండ ముదిరేదాకా, మళ్లీ మూడు దాటాక చీకటి పడేదాకా. మన పొలాల్లోలాగే మంచె కట్టి, వడిసెల, డబ్బాల చప్పుడు, కేకలు. ఒక మనిషి కేకకి అందేంత పొలమే ఒక కాపలా లెక్క. అంతకు మించి విత్తితే ఆ మిగులు పిట్టలకి విత్తినట్టే.

ఈ పని బడి పిల్లల మీద వేయకుండా ఏం చేయవచ్చంటే, పక్కపక్క పొలాల ఐదారు కుటుంబాలు వంతులు వేసుకోవాలి. అందరూ ఒకేసారి విత్తి, పొలాలు ఒక్క చెక్కగా కలిసి ఉంటే ఇద్దరు పెద్దలు ఒక పూట మొత్తం చూసుకోగలరు. కంకి మీద మీసాలున్న సజ్జ రకాలు దొరికితే అంచుల్లో వేయండి. పిట్టలు రాత్రి వాలే ముళ్లపొదలు, రెల్లు కనిపిస్తే వ్యవసాయ శాఖ సిబ్బందికి వెంటనే చెప్పాలి, వాళ్లు అక్కడ మందు కొట్టిస్తారు. మందు పడిన చోట దొరికిన పిట్టల్ని వండుకోవద్దని పిల్లలకి గట్టిగా చెప్పండి. మామూలు రోజుల్లో వలేసి పట్టిన క్వీలియా మంచి కూర కాబట్టి ఈ ప్రమాదం నిజమైనది.

గింజ అడుగున నల్లచుక్క కనిపిస్తే జొన్న ముదిరినట్టే. ఇంక పొలంలో ఒక్క రోజు కూడా ఉంచకండి. కంకులు కోసి ఇంటి దగ్గర అటక మీద ఆరబెట్టండి.

కోత, నూర్పిడి, నిల్వ

అక్కడి పల్లెల్లో గ్రానైట్ బండలు నేలమట్టంగా పరుచుకుని ఉంటాయి, రువారె అంటారు. అదే కళ్లం. మట్టి కలవదు, రాయి వేడికి కంకి త్వరగా ఆరుతుంది. రాగి నూర్పిడికి ఊరిని పిలిచి, బీరు పెట్టి, పాటతో కర్రలు ఎత్తి దించే పద్ధతి న్హింబే. మన బదులు సాయం లాంటిదే, కూలి డబ్బు లేని ఇంటికి అదే బలం. రువారె లేని చోట టార్పాలిన్ మీద నూర్చండి. నేల మీద నూర్చితే సాడ్జాలో ఇసుక తగులుతుంది, ఆ ఒక్క కారణంతో ఇంటిల్లిపాదీ మొక్కజొన్న అడుగుతారు.

గింజ ఆరిందో లేదో చూడటానికి యంత్రం అక్కర్లేదు. పొడి గాజు సీసాలో మూడో వంతు గింజ, ఒక చెంచా బాగా ఎండిన ఉప్పు వేసి, మూత పెట్టి, ఊపి పది నిమిషాలు ఉంచండి. ఉప్పు గాజుకి అంటుకుంటే ఇంకా ఎండబెట్టాలి.

రాగి గింజ ఎంత చిన్నదంటే ముక్కపురుగు అందులో గూడు పెట్టలేదు. బాగా ఆరిన రాగి ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఊరి పెద్ద పర్యవేక్షణలో అందరూ కలిసి పండించి కరువుకి దాచే జుండే రామాంబో గాదెల్లోకి ఇలాంటి గింజే సరిపోతుంది. జొన్నకి పురుగు పడుతుంది, అది గాలి చొరబడని సంచుల్లో పోయండి, లేదా ముందు తినేయండి. తినే వరుస కూడా ఇదే: మొదట జొన్న, తర్వాత సజ్జ, చివరికి రాగి. రాళ్ల మీద నిలబెట్టి, లోపల అరలు కట్టి, మట్టి పూసిన పాత డురా గాదె ఇంటి దగ్గర ఉంటే పగుళ్లు పూడ్చి వాడుకోండి. ఎలుక ఎక్కకుండా స్తంభాలకి రేకు చుట్టండి.

మళ్లీ రోకలి దగ్గరికి

సజ్జని కాస్త నీళ్లు చల్లి, తడి పొట్టుకి పట్టేదాకా ఉంచి, డూరి అనే చెక్క రోట్లో దంచి, చెరిగి, అప్పుడు పిండి పట్టించాలి. సజ్జపిండిలో నూనె ఎక్కువ కాబట్టి కొన్నాళ్లకే చేదెక్కుతుంది. నాలుగైదు రోజులకి సరిపడా మాత్రమే పట్టించండి. చేదెక్కిన పిండితో చేసిన సాడ్జా ఒకసారి తిన్న పిల్లవాడు మళ్లీ ముట్టుకోడు, పాపం గింజది కాదు. కొత్తగా మొదలుపెట్టే ఇంట్లో సగం మొక్కజొన్న పిండి, సగం జొన్న పిండి కలిపి వండటంతో మొదలుపెడితే నాలుకకి అలవాటవుతుంది.

రాగిలో కొంత చిమెర కోసం తీసి పెట్టండి. చిమెర అంటే మొలకెత్తించిన రాగి. ఒక రోజు నానబెట్టి, నీళ్లు వంచి, తడి గోనెలో రెండు మూడు రోజులు కప్పి ఉంచి, మొలక వచ్చాక ఎండలో బాగా ఆరబెట్టి విసరాలి. బూజు వాసన వస్తే ఆ పోగు మొత్తం పారేయండి. మిగిలిన సాడ్జాని నీళ్లలో పలుచగా కలిపి, ఈ పిండి రెండు గుప్పిళ్లు వేసి, మూత పెట్టి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి మహెవు తయారు. పుల్లగా, కాస్త తీయగా, మన అంబలికి దగ్గరి చుట్టంలా ఉంటుంది. వచ్చే ఏడు పిట్టల కాపలాకి మంచె ఎక్కేవాళ్లు పొద్దున్నే చెంబుతో తీసుకెళ్లేది ఇదే.